ఓడిన వీరుడు వెండితెరకు తగడా?

ఆటలపోటీలను గూర్చి తీసిన సినిమాలలో ఎవరును లెక్కసేయని పేద నాయకుడు కడపటి పోటీలో గెలువవలయునా, ఓడవలయునా యను ప్రశ్న పైకి చూచుటకు చిన్నదివలె తోచును. గెలిచిననేమి, ఓడిననేమి, మూడు గంటల ముచ్చటయే గదా యని కొందఱనవచ్చును. కాని ఆ సినిమా చూచి వచ్చిన పిల్లవాడు మఱునాడు పాఠశాలలో పరుగుపందెమునకు నిలుచును. ఓడి వచ్చినచో వానికి గడపలో ఎదురగునది తల్లి. ఆమెకు ఈ ప్రశ్న చిన్నది కాదు. అందుచేతనే దీనిని మా సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

మా ప్రాంతమున, అనగా ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల నడుమ, పోటీ యనగానే జనులకు మొదట స్ఫురించునది సంక్రాంతి కోడిపందెము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి జూదపు చట్టమును దానిని నిషేధించుచునే యున్నవి; భోగినాటికి తోటలలో బరులు వెలయుచునే యున్నవి. డేగ యనియు, కాకి యనియు, నెమలి యనియు ఈకల రంగునుబట్టి పుంజులకు పేర్లు పెట్టి, ఏ దినమున ఏ వన్నెపుంజు గెలుచునో శాస్త్రము చూచి, కాలికి కత్తి గట్టి విడుతురు. కొన్ని నిమిషములలో అంతయు ముగియును. ఓడిన పుంజు ఎంతటి పౌరుషముతో పోరాడినను సాయంకాలమునకు కూరయగును. దాని పోరాటమును గూర్చి మఱునాడు మాటలాడువారుండరు. పందెమొడ్డినవాని కన్నులకు ఓటమి యనగా పోయిన రొక్కము మాత్రమే. సినిమాలు తీయువారును మనలను అట్టి కన్నులు గల వారినిగనే తలపోయుచున్నారని మా యనుమానము.

అయితే అదే సంక్రాంతికి, అదే జనులు, ఓడిన వీరునికై కన్నీరు గార్చిన సందర్భము కలదు. 1977 సంక్రాంతికి నందమూరి తారక రామారావుగారు ‘దానవీరశూరకర్ణ’ను విడుదల చేసిరి. కృష్ణుడును, కర్ణుడును, దుర్యోధనుడును తానే యయి, దర్శకత్వము గూడ తానే వహించి, దాదాపు నాలుగు గంటల చిత్రమును జనులముందుంచిరి. అందు కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమును తలచికొనుడు. నన్నయభట్టు ఆదిపర్వమున తెనిగించిన ఘట్టమే యది. ఏలూరికి చేరువనున్న పెదవేగి పేరిట వెలసిన వేంగీరాజ్యపు ప్రభువు రాజరాజనరేంద్రుడు వ్రాయించిన భారతమది. ఈ గడ్డకు పరాయికథ కాదు. రంగమున అర్జునుడు చూపిన విద్యలన్నియు కర్ణుడును చూపును. ద్వంద్వయుద్ధమునకు పిలుచును. అప్పుడు కృపుడు వాని కులమును, తలిదండ్రులను అడుగును. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి నిలువబెట్టును. ఇంతలో సూతుడైన తండ్రి వచ్చును, భీముడు పరిహసించును, ప్రొద్దు గ్రుంకును, పోటీ తేలకయే సభ లేచిపోవును. ఆలోచించి చూడగా మన సాహిత్యమున ఇంతకంటె నిక్కమైన ఆటలకథ మఱియొకటి లేదు. బలమున్నను బరిలోనికి రానీయని లోకము, తోడు నిలిచిన ఒక్క స్నేహితుడు, సిగ్గుతో తలవంచుకొనక తండ్రికి మ్రొక్కిన కొడుకు: అన్నియు నందే యున్నవి. కర్ణుడు కడకు ఓడుననియు, రథచక్రము భూమిలో క్రుంగుననియు ఎఱుగని తెలుగువాడు లేడు. ఎఱిగియు ఆ చిత్రమునకు జనులు బండ్లు గట్టుకొని పోయిరి. ఆ సభలో దుర్యోధనుడు పలికిన మాటలను నేటికిని పల్లెలలో పిల్లలు గ్రుక్క త్రిప్పుకొనక అప్పగింతురు.

బొబ్బిలి కథయు నట్టిదే. 1757 జనవరిలో ఆ కోట కూలినది. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ చిత్రమున తాండ్ర పాపారాయుడుగా నిలిచినవారు నూజివీడున జన్మించిన ఎస్.వి.రంగారావుగారు, ఆ యూరు నేడు ఏలూరు జిల్లాలోనిదే. 1974లో కృష్ణగారు అల్లూరి సీతారామరాజయి తెల్లవాని తుపాకికి రొమ్మొడ్డిరి. బుఱ్ఱకథలవారు రాత్రులకు రాత్రులు పాడినవి బొబ్బిలియు, పల్నాడును. అనగా ఓడినవారి కథలే. గెలిచిన విజయరామరాజుపక్షమున ఎవడైన కథ కట్టి పాడెనా? మేము వినలేదు.

ఇట్టి జాతికి ఆటలచిత్రము తీయవలసివచ్చునప్పటికి మాత్రము నాయకుడు ఓడరాదని నియమము పుట్టుట వింతగానున్నది. ‘తమ్ముడు’ (1999) మొదలు ‘అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి’ (2003), ‘సై’ (2004) మీదుగా నేటిదాక లెక్కించి చూడుడు. మొదటి సగమున దెబ్బలు, అవమానములు. కడపటి పావుగంటలో గెలుపు. ఇది పాకము కుదిరిన వంట, తినువారికిని రుచించును. మా విస్మయము దీనిని గూర్చి కాదు. విషాదాంతముగా తీయుటకు సాహసించిన చిత్రములను గూర్చియే మా విస్మయము.

2010లో తాతినేని సత్యగారు ‘భీమిలి కబడ్డీ జట్టు’ తీసిరి. అంతకు ముందటి సంవత్సరము వచ్చిన అరవచిత్రమునకు తెలుగురూపమది. ఎక్కడ ఆడినను ఓడి వచ్చు పల్లెకుఱ్ఱల జట్టు, దానిలో మేకలు కాచుకొను ఒక పేదవాడు. కడపటి పోటీలో ఆ పేదవాడు ప్రాణములు విడుచును. 2019లో గౌతమ్ తిన్ననూరిగారు ‘జెర్సీ’ తీసిరి. ముప్పదియాఱేండ్ల ప్రాయమున, కొడుకు కోరిన క్రికెట్ చొక్కా కొనియిచ్చుటకు అయిదువందల రూపాయలు చేత లేని తండ్రి, గుండెజబ్బు నెఱిగియు మఱల బరిలో దిగి, జట్టును గెలిపించి మరణించును. అది ఆ యేటి ఉత్తమ తెలుగుచిత్రముగా జాతీయపురస్కారము నందుకొన్నది. అర్హమైన పురస్కారమే. ఈ రెండింటను నాయకుడు నానిగారే యగుట కాకతాళీయము కాబోలు. ఆయన ఆట మొదలుపెట్టిన నాడు ఇంటివారు జాగ్రత్త పడవలయునని మా బంధువొకతె నవ్వుచు నన్నది.

నవ్వు మాట యటుంచుడు. ఈ రెండు చిత్రములలో ఒక సంగతి సమానము. నాయకుని చంపుటకు మనవారు జంకలేదు, ఓడించుటకు జంకిరి. చావు తెరపైకి వచ్చినది గాని, ఓడి ఇంటికి తిరిగివచ్చి చేతులు కడుగుకొని అన్నమునకు కూర్చున్న మనుష్యుడు రాలేదు. చావు ఘనముగనే యుండును. వాద్యములు మ్రోగును, భార్య కన్నీరు పెట్టును, జనులు లేచి నిలుతురు. ఓడి బ్రదికినవానికి వాద్యములు లేవు.

మఱి మన తెరపై ఓటమి ఎవని పాలిటిది? దీనికి సమాధానము తాడేపల్లిగూడెములోనే కలదు. హాస్యనటులలో అగ్రగణ్యులైన రేలంగి వెంకట్రామయ్యగారు ఆ యూరిలో నివసించి, తమ పేరిట ‘రేలంగి చిత్రమందిర్’ అను సినిమాహాలును గట్టించి, 1975లో అచ్చటనే కన్నుమూసిరి. ఇరువదియైదేండ్లపాటు తెరపై ఆయన ఓడుచునే యుండిరి. భార్యచే ఓడిరి, మామచే ఓడిరి, నాయకునిచే ఓడిరి. ఓడినప్పుడెల్ల హాలు నవ్వుతో దద్దఱిల్లినది. అది గొప్ప కళ, కాదనము. కాని దాని వెంట ఒక యలవాటు మనలో పాతుకొన్నది. గెలుపు నాయకునిది, చావు త్యాగమూర్తిది, ఓటమి నవ్వులవానిది. ‘భీమిలి కబడ్డీ జట్టు’లో గూడ మొదటి సగమున జట్టు ఓడుచున్నంతసేపు కథ హాస్యముగనే నడచును, కథ గంభీరమైనంతనే ఓటమి మాయమగును.

మా మాటకు అడ్డుమాట లేకపోలేదు. అది బలమైనదే. ఏలూరి జనుపనార మిల్లులో పాళ్ళప్రకారము పనిచేసివచ్చినవాడు, తివాచీమగ్గముమీద వ్రేళ్ళు అరగదీసికొన్నవాడు, తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారులో గోనెలముందు గూర్చుండి పొద్దస్తమానము పాయలేఱిన స్త్రీ, కొల్లేటిలో తెల్లవారుజామున దోనె నెట్టుకొనిపోయి సగము నిండని బుట్టతో తిరిగివచ్చినవాడు — వీరు దినమంతయు ఓడుచునే యున్నారు గదా. సొమ్మిచ్చి మఱియొక ఓటమిని కొనవలయునా? 2006లో ప్రభుత్వము కొల్లేటి చేపలచెఱువుల గట్లను తెగగొట్టించినది. ఆ చెఱువులు అక్రమములే కావచ్చును, సరస్సు బ్రదుకవలసినదే. అయినను వానిపై కూలికి బ్రదికిన సంసారములు ఒక్క వేసవిలో బజారున పడెను. అట్టి లంకగ్రామపు యిల్లాలు హాలులో కూర్చుండి, పేదవాడు గెలిచినప్పుడు ఈల వేసిన కొడుకును చూచి తానును నవ్వినచో, ఆమెకు ఆ రాత్రి నిదుర బాగుగ పట్టినచో, అది తక్కువ మేలు కాదు. గెలుపుకథలన్నియు మానవలయునని మే మనుటలేదు.

మేమడుగునది వేఱు. నాయకుడు కథారంభమున దేనిని కోరినాడు? దానినిబట్టి తేల్చవలయును. ‘లగాన్’ (2001)లో పల్లెవాండ్రు ఓడినచో మూడింతల పన్ను చెల్లించవలయును, ఊళ్ళకూళ్ళు పస్తులుండవలసివచ్చును. అచ్చట నాయకుని ఓడించిన కథకుడు క్రూరుడగును. ఇతరుల కూడు పందెమైనచోట గెలుపు తప్పదు. కాని 1976లో అమెరికావారు తీసిన ‘రాకీ’ చూడుడు. బస్తీలో బాకీలు వసూలుచేయుచు తిరుగు ముష్టియుద్ధపువాడొకడు జగజ్జెట్టితో తలపడును. గెలుతునని వాడనుకొనడు. పదునైదు సుత్తులు, అనగా గంట మ్రోగువఱకు సాగు పదునైదు ఆవృత్తులు, నేలకొఱగక నిలువవలయునని మాత్రమే కోరును. నిలుచును. తీర్పు ఎదుటివాని వైపు పోవును. తీర్పు చదువుచుండగా వాడు వినిపించుకొననైన వినిపించుకొనడు. వలచిన పిల్ల పేరు పెట్టి పిలుచుచుండును. ఆ చిత్రమునకు ఆ యేటి ఉత్తమచిత్రముగా ఆస్కారు లభించినది. దానికి ప్రేరణమైన నిజమైన పోటీ 1975 మార్చిలో జరిగినది. ముహమ్మద్ అలీ యెదుట చక్ వెప్నర్ అనునాతడు పదునైదవ ఆవృత్తిలో పందొమ్మిది సెకనులు మిగిలియుండగా పడిపోయెను. అమెరికావారును తుదిదాక తాళలేకపోయిరి. 1979లో రెండవభాగము తీసి రాకీని గెలిపించిరి. రెండింటిలో ఏది మిన్నయో చూచినవారెఱుగుదురు.

ఈ త్రాసుతో ‘జెర్సీ’ని తూచుడు. ఆ తండ్రి కోరినది కప్పు కాదు, కొడుకు కన్నులలో తన మర్యాద. ఆ చిత్రమున అందఱును చెప్పుకొను ఘట్టము ఏ పోటీలోనిదియు కాదు. జట్టులో తనపేరు చేరినదని తెలిసి, రైల్వేస్టేషనుకు పోయి, బండి దడదడ పోవుచున్నప్పుడు ఎవరికిని వినబడకుండ గొంతు చించుకొని యఱచును. ఆ కేక తరువాత వాడు ప్రతిపోటీయు ఓడినను మాకు వానిపై గౌరవము తఱుగదు. దర్శకుడు అంతవఱకు మనలను నమ్మి, కడపట నమ్మలేక గెలుపును, చావును రెండింటిని తెచ్చి ముందుంచెను.

ఆడుపిల్లల కథలయెడ మా మనస్సు ఇంత గట్టిగా లేదు. పరుగులలో పి.టి.ఉషను సయితము దాటిన అశ్విని నాచప్ప 1991లో ‘అశ్విని’ చిత్రమున తానే నాయికయయి పరుగెత్తినది. 2017లో ‘గురు’ వచ్చినది. 2019లో ‘కౌసల్య కృష్ణమూర్తి’ వచ్చినది. ఒకటి బస్తీపిల్ల ముష్టియుద్ధము, మఱియొకటి రైతుకూతురి క్రికెట్. వీరందఱును గెలుతురు. గెలువనిండు అని మాకు తోచును. మగపిల్లవాని పోటీ మైదానమున మొదలగును. ఆడుపిల్లది ఇంటి గుమ్మమున మొదలగును. పొట్టిలాగు తొడుగుకొనుటకు ఒక పోటీ, సాయంకాలము ఆఱు దాటిన తరువాత అభ్యాసమునకు పోవుటకు ఒక పోటీ, పెండ్లి రెండేండ్లు వాయిదా వేయుటకు ఒక పోటీ. ఇన్ని దాటి వచ్చిన పిల్లను కడపట ఓడించినచో, చూచినావా, ఇంతమాత్రమునకా యీ గంతులు అని మేనత్తలు దీర్ఘములు తీయుదురు. కథకుడు ఆ మేనత్తలను గూడ లెక్కలోనికి తీసికొనవలయును.

అయినను నిజజీవితము ఆ మేనత్తలకు వేఱుగా సమాధానము చెప్పినది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఉష సెకనులో నూఱవవంతు తేడాతో కంచుపతకమును పోగొట్టుకొన్నది. ఆనాడు కంచు గెలిచినదెవరో మన దేశమున ఎవరు చెప్పగలరు? ఉషపేరు మాత్రము ఆడుపిల్ల పరుగెత్తినపుడెల్ల వినబడుచునే యున్నది. పూసర్ల వెంకట సింధు 2016 ఆగస్టులో రియోలో కడపటి పోటీ మొదటి ఆటను 21–19తో గెలిచి, పిదప 12–21, 15–21తో స్పెయిన్‌దేశపు కరోలినా మారిన్‌కు ఓడినది. గెలిచిన పిల్ల నేలమీదపడి యేడ్చుచుండగా, ఓడిన సింధు వలకు ఆవలివైపునకు పోయి ఆమెను కౌగిలించుకొని, క్రింద పడియున్న ఆమె రాకెట్టును ఎత్తినది. మఱుసటి సంవత్సరము గ్లాస్గోలో ప్రపంచపోటీల తుదియాట నూటపది నిమిషములు సాగినది. అందొక పట్టున బంతి, కాదు, ఈకలబంతి, డెబ్బదిమూడు దెబ్బలు తిన్న పిమ్మటగాని నేల తాకలేదు. జపానుపిల్ల నొజోమి ఒకుహారా గెలిచినది. 2018లో నాన్జింగ్‌లో మఱల తుదిదాక పోయి మఱల ఓటమి. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాను 21–7, 21–7తో నలువది నిమిషములైన నిండకుండ చిత్తుచేసి సింధు జగద్విజేత యయినది.

ఈమె కథను సినిమా తీయువాడు ఎచ్చట ముగించును? బాసెల్‌లోనని అందఱందురు. మేమును ఆనాడు సంతోషముతో ఇరుగుపొరుగులకు మిఠాయి పంచితిమి. కాని తెరమీదికి బాసెల్ పనికిరాదు; ఏకపక్షపు ఆట, పట్టు లేదు. గ్లాస్గోయే కావలయును. గ్లాస్గోలో ఆమె ఓడినది.

ఇంకొక మాట చెప్పవలసియున్నది. కలము వెనుదీయుచున్నను చెప్పెదము. తెలంగాణమున ఇంటర్మీడియేట్ ఫలితములు 2019 ఏప్రిలు 18వ తేదీన వెలువడినవి. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొన్నారు. గుణములు వేయుటలో తప్పులు దొరలినవని పిదప పెద్ద గగ్గోలయినది. ‘జెర్సీ’ విడుదలయినది 19వ తేదీని. ఆ రెండింటికిని సంబంధమేమియు లేదు. ఒకదానిని మఱియొకదానికి ముడివెట్టుట అన్యాయము. అయినను ఆ వారములో ఏ పత్రిక తెఱచినను ఒక పుటలో ఓడరాక మరణించిన వీరునికి ప్రశంసలు, ఇంకొక పుటలో తప్పితిమను సిగ్గుతో పోయిన పిల్లల ఛాయాచిత్రములు. మార్చితో పరీక్షలు, ఏప్రిలుతో ఫలితములు వచ్చు మన యిండ్లలో తప్పిన పిల్ల మఱునాటి యుదయము ఎట్లు లేచి పండ్లు తోముకొనునో, తండ్రి ముందుకు ఎట్లు వచ్చునో, తల్లి మొదటి మాట ఏమనునో తెరపై చూచిన జ్ఞాపకము మాకు లేదు. ఆ ఉదయమును ఎవరైన పది నిమిషములు చూపిన బాగుండును. ఆటలచిత్రమున చూపుట సులభము గూడ. ఓడినవాని సంచి, మాసిన చొక్కా, దారిలో ఎదురైనవారి చూపులు, ఇంట ఉడుకుచున్న అన్నము, ఇంతే కావలయును.

2020లో కరణం మల్లీశ్వరి జీవితమును చిత్రముగా తీయుదుమని ప్రకటన వెలువడినది. శ్రీకాకుళము సీమలో ఆమదాలవలస ప్రక్కన పుట్టి, 2000 సెప్టెంబరులో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొట్టమొదటి భారతస్త్రీ యయినది ఆమె. ఒకేయెత్తున తలపై కెత్తు పోటీలో 110 కిలోలు, రెండుయెత్తుల పోటీలో 130 కిలోలు, వెరసి 240 ఎత్తినది. స్వర్ణమును, రజతమును పొందినవారిద్దఱును 242.5 కిలోలవారే. మల్లీశ్వరికి ఒక్క యత్నము మిగిలినది. రెండున్నర కిలోలు పెంచి ఊరకుండక ఒక్కసారిగా 137.5 కిలోలు వేయించినది. అది లేచియుండినచో స్వర్ణము. లేవలేదు; చేతిలోని కమ్మి జాఱినది. దేశమంతయు కంచుపతకమునకు పండుగ చేసికొన్నది.

ఆ చిత్రము ఏనాడు తెరకెక్కినను, తీయువారు ఆ 137.5 కిలోల కమ్మిని ఏమిచేయుదురో చూడవలయునని మాకు కుతూహలము. నేలమీదనే విడుతురా, లేక కన్నుమూసి తెఱచునంతలో కెమెరాను పతాకమువైపు త్రిప్పుదురా? తాడేపల్లిగూడెములో మొదటినాటి మ్యాట్నీకే పోవుదము. పిల్లలను గూడ తీసికొనిపోవుదము.